"లేవనివ్వండి, మూత్రం వస్తోంది": బ్లాడర్ ఆపరేషన్ తర్వాత కాథెటర్ ఇబ్బంది, మత్తు ఎంపిక

మూత్రాశయంలోని గడ్డని మూత్రనాళం గుండా గీకి తీసే ఆపరేషన్‌ని టీయూఆర్‌బీటీ అంటారు. అది అయిన పేషెంట్ రికవరీ రూంలో కళ్ళు తెరవగానే అనే మొదటి మాట చాలాసార్లు ఇదే: "మూత్రం వస్తోంది, లేవనివ్వండి." పైపు పెట్టారండీ, అందులోనే పోతోంది అని నర్సు చెప్తుంది. ఆయన సరే అంటాడు. రెండు నిమిషాలకి మళ్ళీ అదే మాట, ఈసారి కాస్త గట్టిగా. మూడోసారికి చెయ్యి పైపు మీదకి పోతుంది. ఇక ఎవరో ఒకరు ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు ఎక్కిస్తారు. కాసేపు మగత, లేవగానే మళ్ళీ మూత్రం గోల.

ఫెంటానిల్‌కి లొంగకపోవడానికి కారణం ఉంది. కోత నొప్పి పుట్టే దారి వేరు, దీని దారి వేరు. కాథెటర్, అంటే ఆ మూత్రపు పైపు, కొన దగ్గరి బెలూన్ మూత్రాశయం అడుగున, ట్రైగోన్ అనే ముక్కోణపు భాగం మీద కూర్చుంటుంది. మూత్రాశయంలో బాగా సున్నితమైన చోటు అదే. అక్కడి రాపిడి పెల్విక్ నరం ద్వారా వెన్నుపాములోని ఎస్2, ఎస్3, ఎస్4 భాగాలకి చేరుతుంది. అక్కడినుంచి తిరుగు సంకేతంగా అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, మూత్రాశయ కండరంలో దాన్ని అందుకునే మస్కరినిక్ రిసెప్టర్లని తాకుతుంది. వాటిలో ఎం2 రకం సంఖ్యలో ఎక్కువ, కండరాన్ని బిగించే పని మాత్రం ప్రధానంగా ఎం3 చేస్తుంది. ఖాళీగా ఉన్న మూత్రాశయం తనకి తానే బిగుసుకుంటుంది, మెదడుకి అది "నిండిపోయింది" అన్న కబురుగా అందుతుంది. పైపు ఉందన్న సంగతి పేషెంట్ బుర్రకి తెలిసినా మూత్రాశయానికి తెలియదు. అందుకే ఎంత నచ్చజెప్పినా ఆగదు.

దీన్ని వైద్య పరిభాషలో సీఆర్‌బీడీ అంటారు, కాథెటర్ వల్ల కలిగే మూత్రాశయ ఇబ్బంది అని అర్థం. పొత్తికడుపు కింద మంట, ఆగకుండా మూత్రం వస్తున్నట్టు అనిపించడం, ఒక్కోసారి పైపు పక్కనుంచి మూత్రం కారడం, ఇవే దాని లక్షణాలు. వేర్వేరు అధ్యయనాల్లో 47 శాతం నుంచి 90 శాతం దాకా పేషెంట్లలో కనబడింది. మగవాళ్ళలో ఎక్కువ, 18 ఫ్రెంచ్ (పైపు లావుని చెప్పే కొలత) లేదా అంతకన్నా లావు పైపు పెట్టినవాళ్ళలో ఎక్కువ. మూత్రాశయంలోనే కోత పడితే ఇక చెప్పనక్కర్లేదు. టీయూఆర్‌బీటీ చేయించుకునేవాళ్ళలో అధికులు మగవాళ్ళే కాబట్టి మూడూ ఒకే మనిషిలో కలుస్తాయి.

తీవ్రతని కొలవడానికి వాడే పద్ధతి చాలా తేలిక, రికవరీ చార్టులో ఒక గడి చాలు. అడిగితే తప్ప చెప్పకపోతే స్వల్పం. అడక్కుండానే చెప్పి, కదలకుండా పడుకుంటే మధ్యస్థం. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, కేకలు పెట్టడం, పైపు లాగబోవడం ఉంటే తీవ్రం. మొదటిదానికి మాటలతో సరిపెట్టుకోవచ్చు. రెండోది మూడోది కాకముందే మందు పడాలి, ఎందుకంటే ఊదిన బెలూన్‌తో సహా పైపు పీక్కుంటే మూత్రనాళం చిరుగుతుంది. మత్తు నుంచి లేస్తూ తిరగబడే పెద్దవాళ్ళని చూసి చాలామంది "మత్తు దిగలేదు" అనేస్తారు. ముందు పైపు వైపు చూడటం మంచిది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ ఇబ్బంది ఎప్పుడు మొదలవుతుంది, ఎంత ఉంటుంది అన్నది చాలావరకు పేషెంట్‌ని టేబుల్ మీద పడుకోబెట్టేముందు ఏ మత్తు ఇవ్వాలని తీసుకునే నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది.

స్పైనల్, అంటే వెన్నులో ఇంజెక్షన్‌తో నడుము కింది భాగాన్ని మొద్దుబార్చే మత్తు, దాని సంగతి ముందు చూద్దాం. మూత్రాశయం నీళ్ళతో ఉబ్బినప్పుడు పుట్టే బాధ తెలియకుండా ఉండాలంటే మొద్దుబారడం బొడ్డు దాకా, అంటే టీ10 దాకా ఎక్కాలి. మొద్దుబార్చే మందు 0.5 శాతం హెవీ బ్యుపివకైన్ 2 నుంచి 2.5 మి.లీ. ఇస్తే, అంటే 10 నుంచి 12.5 మి.గ్రా., సాధారణంగా ఆ ఎత్తు వస్తుంది. స్పైనల్ దిగేటప్పుడు పైనుంచి కిందికి దిగుతుంది. ముందు బొడ్డు, తర్వాత తొడలు, చివరికి ఆసనం చుట్టూ ఉండే ఎస్2-ఎస్4 భాగం. కాథెటర్ కబురు మోసే నరాలు సరిగ్గా ఇవే. కాబట్టి రికవరీ రూంలో పేషెంట్ హాయిగా ఉంటాడు, చార్టులో అన్నీ సున్నాలు పడతాయి, వార్డుకి పంపేస్తారు. కాళ్ళు కదిలించడం మొదలెట్టిన తర్వాత, డ్యూటీ మారి అనుభవం ఉన్నవాళ్ళు ఇంటికి వెళ్ళిపోయాక, మూత్రాశయం మేలుకుంటుంది. స్పైనల్‌తో ఇబ్బంది తగ్గిందని చెప్పేముందు ఏ గంటలో కొలిచారో అడగాలి. రికవరీలో మాత్రమే కొలిస్తే స్పైనల్ ఎప్పుడూ గెలుస్తుంది.

అయినా స్పైనల్‌కి ఒక మంచి గుణం ఉంది. మత్తు నుంచి లేచే అయోమయం ఉండదు. పేషెంట్ స్పృహలో ఉంటాడు కాబట్టి ముందే చెప్పిన మాట గుర్తుంటుంది, ఇబ్బంది మెల్లమెల్లగా మొదలవుతుంది, మందు ఇవ్వడానికి వ్యవధి దొరుకుతుంది. ఊపిరితిత్తులు బాగోని వృద్ధులకి నేను మొదట ఆలోచించేది స్పైనలే. కావలసిందల్లా వార్డు చీటీలో రెండు ముక్కలు: ఇంజెక్షన్ ఇచ్చిన సమయం, కాళ్ళు కదలడం మొదలవగానే ఇవ్వాల్సిన మందు. పాదం ఆడించడం కనబడితే అలారం మోగినట్టే. ఈ రెండు ముక్కలు రాయని స్పైనల్ సగం పనే.

స్పైనల్‌లో మార్ఫిన్ కలిపితే మూత్రాశయ కండరం సడలుతుంది, ఎలాగూ పైపు ఉంది కాబట్టి మూత్రం నిలిచిపోతుందన్న భయం లేదు. కానీ దురద, వాంతులు వస్తాయి, రాత్రంతా ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలి. అరగంట ఆపరేషన్‌కి ఇంత బరువు ఎత్తుకోవడం నాకు నచ్చదు.

స్పైనల్ ఎంచుకునేముందు సర్జన్‌ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: గడ్డ ఏ గోడ మీద ఉంది? పక్కగోడ మీద ఉంటే, ఆ గోడకి ఆనుకునే ఆబ్టురేటర్ నరం పోతుంది. గడ్డని గీకే కరెంటు లూప్ అక్కడ తగిలితే తొడ కండరాలు ఒక్కసారిగా లోపలికి ఎగిరిపడతాయి, లూప్ మూత్రాశయాన్ని చీల్చేయగలదు. స్పైనల్ దీన్ని ఆపలేదు, ఎందుకంటే కరెంటు నరాన్ని వెన్ను దగ్గర కాదు, దాని దారి మధ్యలో తాకుతుంది. కరెంటు లూప్ దగ్గరే తిరిగే బైపోలార్ రకం వాడితే తగ్గవచ్చు, పూర్తిగా పోదు. దారులు రెండు: స్పైనల్‌తో పాటు ఆ వైపు ఆబ్టురేటర్ నరాన్ని మొద్దుబార్చే బ్లాక్, లేదా కండరాలు సడలించే మందుతో జనరల్ అనస్థీషియా, అంటే పూర్తిగా స్పృహ తప్పించే మత్తు.

జనరల్‌లో పరిస్థితి తలకిందులు. పేషెంట్ మేలుకోగానే ఇబ్బంది పూర్తి బలంతో ఎదురవుతుంది. సగం మత్తులో ఉంటాడు కాబట్టి మాట ఎక్కదు. అందుకే మందులన్నీ కళ్ళు తెరవకముందే పనిలో ఉండాలి.

పీల్చే మత్తులన్నీ ఒకటే అనుకుంటాం గానీ మూత్రాశయం విషయంలో తేడా ఉంది. టీయూఆర్‌బీటీ పేషెంట్లలో సెవోఫ్లురేన్‌ని డెస్‌ఫ్లురేన్‌తో పోల్చిన యాదృచ్ఛిక ట్రయల్ ఒకటి 2016లో వచ్చింది. ఆపరేషన్ అయిన తొలి గంటల్లో ఇబ్బంది సెవోఫ్లురేన్ వాడినవాళ్ళలో తక్కువగా తేలింది. ఈ వాయువులు మస్కరినిక్ రిసెప్టర్లని ఒకేలా అణచకపోవడం దీనికి కారణం కావచ్చన్నది వాదన. డెస్‌ఫ్లురేన్ త్వరగా దిగిపోతుంది కాబట్టి మెలకువ తొందరగా వస్తుంది, వచ్చిన మెలకువ నేరుగా బెలూన్ మీదకే వస్తుంది. ఊబకాయం, గురక జబ్బు లాంటి కారణాలుంటే డెస్‌ఫ్లురేన్ వాడాల్సి రావచ్చు. లేనప్పుడు నా ఓటు సెవోకే. అలాగని వాయువు మార్చినంత మాత్రాన పని అయిపోతుందనుకోకూడదు. తేడా తొలి గంటలది, పైపు ఉండేది ఒకటి రెండు రోజులు.

ఆపరేషన్ చివర కండరాల సడలింపు మందుని తిప్పికొట్టే దశని చాలామంది అసలు లెక్కలోకే తీసుకోరు. అందుకు వాడే నియోస్టిగ్మిన్ చేసే పని అసిటైల్‌కోలిన్‌ని పెంచడం. మూత్రాశయాన్ని బిగించేదీ అదే అసిటైల్‌కోలిన్. దీనివల్ల గుండె నెమ్మదించకుండా అడ్డుగా కలిపే గ్లైకోపైరోలేట్ మస్కరినిక్ రిసెప్టర్లని మూస్తుంది, అంటే గుండె వేగం కోసం ఇచ్చిన మందు మూత్రాశయానికి కూడా మేలు చేస్తోందన్నమాట. 1 మి.గ్రా. నియోస్టిగ్మిన్‌కి 0.2 మి.గ్రా. గ్లైకోపైరోలేట్ అన్నది మామూలు లెక్క. అట్రోపిన్ కలిపినా గుండెకి సరిపోతుంది, కానీ దాని ప్రభావం త్వరగా తగ్గుతుంది, పైగా మెదడులోకి వెళ్ళి వృద్ధుల్లో అయోమయం పెంచగలదు. ఈ ఆపరేషన్‌లోనే ఆ రెండింటినీ పోల్చి చూసినప్పుడు గ్లైకోపైరోలేటే మెరుగనిపించుకుంది.

ఇక సుగమ్మడెక్స్, సడలింపు మందుని తిప్పికొట్టే ఇంకో మందు. పక్కగోడ గడ్డకి చివరిదాకా గట్టి సడలింపు కావాలి, ఆపరేషన్ ఏమో ఉన్నట్టుండి అయిపోతుంది. అలాంటప్పుడు దీనికి సాటి లేదు. నరం మానిటర్‌తో చూసినప్పుడు రెండో ట్విచ్ (కండరం అదురు) కనబడ్డాక కిలోకి 2 మి.గ్రా., లోతైన బ్లాక్ ఉంటే 4 మి.గ్రా. అసిటైల్‌కోలిన్ జోలికే పోదు. ఆ మాటకి రెండో వైపు కూడా ఉంది: దానితో గ్లైకోపైరోలేట్ ఇవ్వం కాబట్టి ఆ ఉచిత రక్షణ కూడా పోతుంది. ఎల్‌ఎంఏ (గొంతులో పెట్టే శ్వాస మాస్క్) పెట్టి సడలింపు మందు లేకుండా చేసిన కేసులకీ ఇదే వర్తిస్తుంది. ఈ రెండు చోట్లా వేరే మందుతో ఆ లోటు పూడ్చాలి.

ఆ వేరే మందులు చాలానే ఉన్నాయి, అన్నీ ఒకే మనిషికి ఇచ్చేవి మాత్రం కావు. ఆపరేషన్‌కి గంట ముందు నోటిద్వారా మస్కరినిక్ రిసెప్టర్లని మూసే టోల్టెరోడిన్ 2 మి.గ్రా. లేదా ఆక్సిబ్యుటినిన్ 5 మి.గ్రా. ఇవ్వడం పాత పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది. నోరు ఎండిపోతుంది, ఆక్సిబ్యుటినిన్ వృద్ధుల్లో తికమక పెట్టగలదు, మూసుకుపోయే రకం గ్లాకోమా ఉంటే రెండూ వద్దు. అదే రకం మందు సోలిఫెనాసిన్ 5 మి.గ్రా. రక్తంలో పతాక స్థాయికి చేరడానికి 3 నుంచి 8 గంటలు పడుతుంది, కాబట్టి టేబుల్ మీదకి ఎక్కించేముందు మింగిస్తే ఆలస్యమైనట్టే. గబాపెంటిన్ 600 మి.గ్రా. గంట ముందు ఇస్తే ఫలితం ఉంటుంది గానీ మగత ఎక్కువ. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ళకి మోతాదు తగ్గించాలి.

ఆపరేషన్ ముగియడానికి అరగంట ముందు ట్రమడాల్ కిలోకి 1.5 మి.గ్రా. నెమ్మదిగా ఎక్కించడం నాకు ఇష్టమైన ఎంపిక. చాలా నొప్పి మందుల్లా కాకుండా ఇది మస్కరినిక్ రిసెప్టర్లని కూడా కొంత అణుస్తుంది, ఒకే సూదితో రెండు పనులు. వాంతి మందు జతచెయ్యాలి. మూర్ఛ ఉన్నవాళ్ళకి, డిప్రెషన్‌కి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మాత్రలు వాడుతున్నవాళ్ళకి ఇవ్వకూడదు. డెక్స్‌మెడెటొమిడిన్ అనే మగత మందు కిలోకి 0.5 నుంచి 1 మైక్రోగ్రాము, పది నిమిషాల్లో ఇవ్వొచ్చు. నాడి 50 దగ్గర ఉన్నవాడికి, బీటా బ్లాకర్ల మీద ఉన్నవాడికి దీన్ని తలపెట్టొద్దు. మెగ్నీషియం కిలోకి 50 మి.గ్రా. పావుగంటలో ఇచ్చి, ఆ తర్వాత గంటకి కిలోకి 15 మి.గ్రా. చొప్పున నడిపితే ఇబ్బంది తగ్గుతుంది. కానీ సడలింపు మందు రొక్యురోనియం ప్రభావాన్ని సాగదీస్తుంది, కాబట్టి నరం మానిటర్ లేని చోట ఈ జంటని నమ్మలేం.

ముందుజాగ్రత్త తప్పిపోయి పేషెంట్ అప్పటికే కొట్టుకుంటుంటే? కెటమిన్ కిలోకి 0.25 మి.గ్రా. సిరలోకి ఇస్తే నిమిషాల్లో నెమ్మదిస్తాడు. ఆ కొద్ది మోతాదులో పిచ్చికలలు అరుదు. హయోసిన్ బ్యుటైల్‌బ్రోమైడ్ 20 మి.గ్రా. నెమ్మదిగా ఇవ్వడం ఇంకో దారి, అయితే నాడి వేగం పెరుగుతుంది, గుండె జబ్బుంటే ఆలోచించాలి. పారసెటమాల్ 1 గ్రాము ఎలాగూ నడుస్తూ ఉండాలి. కెటొరొలాక్ అనే నొప్పి మందు పనిచేస్తుంది, కాకపోతే రక్తం కారుతున్న మూత్రాశయానికి, బలహీనమైన కిడ్నీకి అది మిత్రుడు కాదు.

నరాల బ్లాక్‌ల విషయం క్లుప్తంగా. లిథోటమీ పొజిషన్‌లోనే (కాళ్ళు పైకెత్తి విడదీసిన భంగిమ) పేషెంట్ ఉంటాడు కాబట్టి జననాంగాల చుట్టూ స్పర్శ మోసే పుడెండల్ నరానికి రెండువైపులా బ్లాక్ చెయ్యడం కష్టమేమీ కాదు, మూత్రనాళంలో మంట బాగా తగ్గుతుంది. మగవాళ్ళకి డార్సల్ పెనైల్ బ్లాక్ (పురుషాంగం పైవైపు నరాలకి) ఇంకా తేలిక, అందులో అడ్రినలిన్ కలిపిన మందు ఎప్పుడూ వాడకూడదు. లిగ్నోకైన్ జెల్లీ మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. నాళాన్ని మొద్దుబారుస్తుంది, ట్రైగోన్ దాకా దాని ప్రభావం పోదు.

ఇంత మందుల లెక్క చెప్పుకున్నాక, కారణమైన రబ్బరు గొట్టం వైపు కూడా చూడాలి. ఫ్రెంచ్ సైజుని మూడుతో భాగిస్తే మందం మిల్లీమీటర్లలో వస్తుంది: 18 ఫ్రెంచ్ అంటే 6 మి.మీ., 22 అంటే 7.3. చిన్న గడ్డ తీసి, రక్తం ఆగి, నీళ్ళు తేటగా వస్తుంటే 22 ఫ్రెంచ్ త్రీవే (కడిగే నీళ్ళకి వేరే దారి ఉన్న పైపు) అలవాటుగా పెట్టాల్సిన పనిలేదు. 16 లేదా 18 టూవే చాలు. అది సర్జన్ నిర్ణయం, అయినా అడగడంలో తప్పులేదు. బెలూన్‌లో 10 మి.లీ. సరిపోయే చోట 30 ఊదితే ట్రైగోన్ మీద బరువు పెరుగుతుంది, పైపు కొన పైకి జరిగి ఎదురుగోడని పొడుస్తుంది. బెలూన్‌లో స్టెరైల్ నీళ్ళే నింపాలి. సెలైన్ నింపితే ఉప్పు గడ్డకట్టి, తీసేటప్పుడు బెలూన్ దిగకుండా మొరాయించవచ్చు. పక్కనుంచి మూత్రం కారుతోందని బెలూన్ ఇంకా ఊదడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. కారేది కండరం బిగుసుకోవడం వల్ల. పెద్ద బెలూన్‌తో ఆ బిగువు పెరుగుతుంది, ఇంకా కారుతుంది.

పైపుని తొడకి గానీ పొత్తికడుపుకి గానీ కాస్త వదులుంచి అంటించాలి. బ్యాగ్ బరువుకి వేలాడితే పేషెంట్ పక్కకి తిరిగిన ప్రతిసారీ బెలూన్ మూత్రాశయ మెడని లాగుతుంది. రక్తం ఆపడానికి సర్జన్ కావాలని లాగి కట్టి ఉంటే, ఎప్పుడు వదలాలో సమయం రాయించుకోవాలి, లేకపోతే తెల్లారేదాకా అలాగే ఉండిపోతుంది. కడగడానికి పెట్టే సెలైన్ చల్లగా ఉండకూడదు. చల్లని నీళ్ళు మూత్రాశయాన్ని బిగిస్తాయి, నరాల జబ్బుల్లో ఆ ప్రతిచర్యని చూడటానికి మంచునీళ్ళ పరీక్ష అని ఒకటి ఉండనే ఉంది.

ఏ మందు ఇచ్చేముందైనా ఒక నిమిషం ఆగి బ్యాగ్ చూడాలి. పొత్తికడుపు ఉబ్బి, బ్యాగ్‌లోకి ఏమీ రాకుండా పేషెంట్ మూత్రం అంటుంటే అతను చెప్పేది నిజం: రక్తపు గడ్డ అడ్డుపడి మూత్రాశయం నిండిపోయింది. కడిగే నీళ్ళు వెంటనే ఆపి, పైపు ఎక్కడైనా మడతపడిందేమో చూసి, 50 మి.లీ. కాథెటర్ టిప్ సిరంజితో సెలైన్ ఎక్కించి వెనక్కి లాగి గడ్డలు తీయాలి. ఇలాంటివాడికి కెటమిన్ ఇచ్చి పడుకోబెడితే ప్రమాదాన్ని దుప్పటి కప్పి దాచినట్టే. ఎక్కించిన నీళ్ళకన్నా తిరిగి వచ్చినవి తక్కువై, కడుపు గట్టిపడి, భుజం నొప్పి అంటుంటే మూత్రాశయానికి చిల్లు పడిందేమోనని సర్జన్‌ని పిలవాలి. స్పైనల్‌లో మెలకువగా ఉన్నవాడు ఈ భుజం నొప్పిని తనే చెప్తాడు, స్పైనల్‌కి అది ఇంకో ఉపయోగం. మైటోమైసిన్ అనే క్యాన్సర్ మందు లోపల నింపి గంటసేపు పైపు మూసి ఉంచితే ఆ గంట ఇబ్బంది పెరగడం సహజం. అప్పుడు కొత్త మందులకన్నా గడియారం చూపించడమే ఎక్కువ పనిచేస్తుంది.

ముందురోజు పేషెంట్‌తో మాట్లాడేటప్పుడు ఈ నాలుగు వాక్యాలు చెప్పొచ్చు: "లేవగానే మూత్రం ఆగట్లేదనిపిస్తుంది. పైపు అడుగున చిన్న బెలూన్ ఉంటుంది, దాని వల్లే అలా ఉంటుంది. ముక్కితే ఇంకా పెరుగుతుంది, రక్తం కూడా వస్తుంది, వదిలేసి నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. తట్టుకోలేకపోతే చెప్పండి, మందు ఉంది." కూడా ఉండే మనిషికీ ఇదే చెప్పాలి. రాత్రి రెండు గంటలకి "కాస్త ఓర్చుకో" అనడమా, నర్సుని పిలవడమా అన్నది తేల్చేది ఆ మనిషే.

పైపు తీసేరోజు ఊడదీసేముందు బెలూన్ నీళ్ళన్నీ వచ్చాయో లేదో లెక్క చూడాలి, 10 పోస్తే 10 రావాలి. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం పోసేటప్పుడు మంట, గబగబా వెళ్ళాలనిపించడం ఉంటాయి, డాక్టర్ నీళ్ళకి హద్దు పెట్టకపోతే బాగా తాగమనాలి. పైపు తీసిన ఆరు గంటల్లో మూత్రం రాకపోతే, గడ్డలు గడ్డలుగా రక్తం వస్తే, చలిజ్వరం తగిలితే అదే రోజు తిరిగి రావాలి. టోల్టెరోడిన్ లాంటి యాంటీమస్కరినిక్ మాత్ర ఇంకా నడుస్తుంటే, ప్రోస్టేట్ పెద్దదైన మగవాళ్ళలో మూత్రం ఆగిపోవడానికి అదే కారణం కావచ్చు, కాబట్టి పైపుతో పాటు ఆ మాత్రనీ ఆపారో లేదో మందుల చీటీలో చూసుకోవాలి.